పట్టికలో లేని పేరు

దయ్యాల్లేవని నలభై ఏళ్లుగా మైకు పట్టుకుని చెబుతున్నాను. శకునాలు చూసేవాళ్లను వేదిక మీదికి పిలిచి మరీ వాదించాను. ఇప్పుడూ అదే మాట మీద ఉన్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

విజయవాడలో మా హేతువాద సంఘం నేత్రదానానికి ఒప్పుకున్నవాళ్ల ఫారాలు తీసుకుని, పేర్లు కంప్యూటర్‌లో ఎక్కిస్తుంది. ఆ తర్వాత వాళ్లకు కార్డు పంపుతాం. ఎవరైనా పోతే ఇంట్లోవాళ్లు కార్డు మీద నంబరుకు ఫోన్ చేస్తారు. కొన్ని గంటల్లోనే కళ్లు తీయాలి. ఏడుపులో వాళ్లొక పేరు చెబుతారు, ఫారంలో ఇంకోలా ఉంటుంది. అందుకని దగ్గరి పేర్లు కూడా చూపించే వెతుకుడు ప్రోగ్రాం పెట్టించాం. చేసిపెట్టింది శైలజ. మా మిత్రుడి కూతురు, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం.

"ఎన్ని అక్షరాలు మారిస్తే ఈ పేరు ఆ పేరవుతుందో లెక్కేస్తుంది అంకుల్. రెండు దాటితే చూపించదు" అని చెప్పింది. ఆ లెక్క నాకు నచ్చింది.

ఒక సోమవారం పదకొండు గంటలకు గుడివాడ నుంచి ఫోన్. సుబ్బయ్య అనే ఆయన పోయారు. పేరు కొట్టాను. ఇద్దరు సుబ్బయ్యలు, ఒక సుబ్బమ్మ వచ్చారు. వాళ్ల కింద 'వీరమ్మ, ఉయ్యూరు' అని ఉంది.

సుబ్బయ్యకూ వీరమ్మకూ ఒక్క అక్షరం కలవదు. పైగా వీరమ్మ మా పట్టికలోనే లేదు. లేదని నాకు ఖాయంగా తెలుసు. ఆవిడ ఫారం ఎక్కించకుండా సొరుగులో పడేసింది నేనే.

అంతకు ఆరు నెలల ముందు ఉయ్యూరులో సభ జరిగింది. నా ఉపన్యాసం అయ్యాక ఆవిడ ఫారం నింపించుకుని వేదిక దగ్గరికి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. చేతికి తాయెత్తు. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. "తాయెత్తు కట్టుకున్నవాళ్ల కళ్లు మాకెందుకమ్మా? అది విప్పేసి రండి" అన్నాను. జనం నవ్వారు.

ఆవిడ కూడా నవ్వింది. "ఇది మా ఆయన కట్టి పోయాడండి. కళ్లు మీరు తీసుకోండి, ఇది నాతో పోనీండి" అంది. ఈసారి జనం ఇంకా గట్టిగా నవ్వారు. వేదిక మీద నేను ఓడిపోవడం అరుదు. ఫారం పుచ్చుకున్నాను గానీ కార్డు పంపలేదు.

మంగళవారం మళ్లీ సుబ్బయ్య అని కొట్టి చూశాను. మళ్లీ అదే పేరు. శైలజకు ఫోన్ చేశాను. ఆమె తన దగ్గర పట్టికంతా వెతికింది.

"లేని పేరు రాదు అంకుల్. ఆవిడ నంబరుందా మీ దగ్గర?"

"ఫారం మీద ఉంది."

"ఒకసారి చేయండి, పోయేదేముంది?"

"తెర మీద పేరు కనపడిందని ఫోన్ చేస్తే, బల్లి పడిందని ప్రయాణం మానుకునేవాడికీ నాకూ తేడా ఏమిటమ్మా?"

"అయితే కార్డు పంపలేదని చెప్పడానికి చేయండి" అంది శైలజ.

ఫోన్ పెట్టేశాను. ఫారం తీసి నంబరు చూశాను. మళ్లీ సొరుగులో పెట్టేశాను. తెర ఫొటో కూడా తీసుకోలేదు. ఇంకొకరెవరైనా ఈ కథ చెబితే, ఫొటో ఏదని మొదట అడిగేది నేనే.

పది రోజులు పోయాక ముప్పై ఐదేళ్ల మనిషి ఆఫీసు వెతుక్కుంటూ వచ్చాడు. వీరమ్మ కొడుకు. నేను ఫారం మళ్లీ సొరుగులో పెట్టిన మర్నాడే, బుధవారం తెల్లవారుజామున తల్లి పోయిందట.

"కార్డొస్తే దాని మీద నంబరుంటుందన్నారు కదండీ. కార్డు రాలేదు. తాయెత్తుందని వద్దనుకున్నారేమోనని ఊరుకున్నాం. మంచాన పడ్డాక సోమవారం తనే విప్పేసిందండి. ఇప్పుడైతే తీసుకుంటారు, వాళ్లకు కబురు చెయ్యి అంది. ఎవరికి చెప్పాలో మాకు తెలీలేదు."

తల్లిని పోగొట్టుకున్నవాణ్ణి నేనడిగిన మొదటి మాట: "సోమవారం ఎన్నింటికి?"

"పదకొండు, ఆ ప్రాంతంలో అండీ" అన్నాడు. తర్వాత బెరుకుగా, "నా పేరైనా రాసుకుంటారా?" అని రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు. మణికట్టుకు ఏమీ కట్టుకోలేదని.

 ఫారం ఇచ్చాను.

అతను వెళ్లాక తల్లీకొడుకులిద్దరి పేర్లూ ఎక్కించాను. సుబ్బయ్య అని కొట్టాను. వీరమ్మ రాలేదు. లెక్క ప్రకారం రాకూడదు కూడా. పట్టికలో లేనప్పుడు రెండుసార్లు కనిపించిన పేరు, చేరాక ఇప్పటిదాకా ఒక్కసారీ రాలేదు. అపరాధ భావం నా కళ్లను మోసం చేసిందనుకుందామంటే, ఆ సోమవారం నాటికి ఆవిడను నేను పూర్తిగా మరిచిపోయి ఉన్నాను. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

పట్టికలో ప్రతి పేరుకూ 'కళ్లు తీసుకోకపోవడానికి కారణం' అని ఒక గడి ఉంటుంది. వీరమ్మ పేరుకు ఎదురుగా ఆ గడిలో ఏం రాయాలో మాత్రం నాకు తెలుసు. నా పేరు రాశాను.