ఎస్తేరక్క విమానం ఆపిన రాత్రి

నిన్న డ్యూటీలో ఉండగా ఎస్తేరక్క తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయింది" అన్నాడు. వెంటనే కట్ చేశాడు.

మొన్న ఆదివారమే నాగ్‌పూర్ హాస్పిటల్లో చూసి వచ్చాను. డయాలసిస్ అయ్యాక నీరసంగా ఉంది కానీ మాట్లాడింది, నవ్వింది కూడా.

రాత్రంతా నిద్ర లేదు.

మా బల్లార్‌పూర్‌లో చాలామందికి ఆమె తెలియదు. మిల్లు కార్మికుడి కూతురు, పైలట్. నైంటీస్‌లో ప్రైవేటు కంపెనీలు చిన్న చిన్న విమానాలు కొంటున్న రోజుల్లో అలాంటి ఒకదాన్ని నడిపింది.

తెలిసినవాళ్లకు మాత్రం ఒక్కటే గుర్తు. "బొంబాయిలో దారి తప్పిన పైలట్."

ఆ విమానంలో నేనున్నాను. అందుకే రాస్తున్నాను.

బాపు, అంటే మా నాన్న, చంద్రపూర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒక మధ్యాహ్నం బాయిలర్ పేలింది. బాపు ఛాతీ నుంచి మోకాళ్ల దాకా కాలిపోయాడు.

అదృష్టం ఏమిటంటే, పెద్ద సార్లను దింపడానికి వచ్చిన కంపెనీ విమానం ఇంకా చంద్రపూర్‌లోనే ఉంది. బొంబాయి తీసుకెళ్దామన్నారు. మన ఎయిర్‌స్ట్రిప్‌లో లైట్లు లేవు. చీకటి పడేలోపు లేవాలి. పరుగులు పెట్టి ఎక్కించాం.

నేను అప్పటికే నర్సుని. సెలైన్ బాటిల్ పట్టుకుని బాపు పక్కన కూర్చున్నాను. వెనక ఫ్యాక్టరీ మేనేజర్. ముందు పైలట్ సీట్లో ఎస్తేరక్క ఒక్కతే. పక్క సీటు ఖాళీ.

నా ఏడుపు విని వెనక్కి తిరిగింది. "మీది బల్లార్‌పూరేనా? నాదీ గదే చెల్లే. భయపడకు, తీస్కపోత."

తీసుకెళ్లింది. దారంతా మబ్బులే అయినా ఎక్కడా తడబడలేదు. బొంబాయిలో వాన, చీకటి. మెత్తగా దింపింది.

అసలు కష్టం దిగాకే మొదలైంది.

కిటికీలోంచి చూస్తే నేలంతా నీలం లైట్లు. తడి నేల మీద ప్రతి లైటూ రెండుగా కనిపిస్తోంది. ఏది రోడ్డో, ఏది మలుపో తెలియదు. ఆమె ఒళ్లో ఎయిర్‌పోర్టు మ్యాప్, చెవిలో రేడియో, చేతిలో విమానం. ఆ ఎయిర్‌పోర్టుకి ఎప్పుడొచ్చినా పగలే వచ్చిందట.

ఒక మలుపు తిరిగింది. కొంచెం దూరం పోయి టక్కున ఆపేసింది.

రేడియోలో ఇంగ్లిష్‌లో చెప్పింది, నేనెక్కడున్నానో నాకు తెలియడం లేదు, దారి చూపించండి అని. టవర్ వాళ్లు ఆగమన్నారు. జీపు పంపిస్తామన్నారు.

అంబులెన్స్ ఎర్ర లైటు మాకు ఎదురుగానే కనిపిస్తోంది. మధ్యలో చీకటి.

బాపు మూలుగుతున్నాడు. మేనేజర్ అరిచాడు. "మేడమ్, చలో నా! అంబులెన్స్ సామ్నే హై!"

నేనూ బతిమాలాను. "అక్కా, పోనియ్యక్కా, నీ కాళ్లు మొక్కుత."

ఆమె కదల్లేదు. "గా చీకట్ల ఏమున్నదో నాకు తెల్వది చెల్లే. తెల్వని కాడికి నేను పోను." బ్రేకు మీద కాలు తీయలేదు.

అప్పుడు వచ్చింది. కుడివైపు నుంచి ఒక పెద్ద విమానం, మా ముక్కు ముందు నుంచే, గాల్లోకి లేవబోయే వేగంతో దూసుకుపోయింది. మా విమానం మొత్తం ఊగిపోయింది. మేం దాటమన్న ఆ చీకటే రన్‌వే.

జీపు చాలాసేపటికి వచ్చింది. దాని వెనకాలే పోయాం.

రెండో రోజు పొద్దున బాపు పోయాడు.

ఆ కాస్త సమయం కలిసొస్తే బతికేవాడా? డాక్టర్లను అడిగాను. కాలిన గాయాలు చాలా లోతు అన్నారు. అవునని గానీ కాదని గానీ ఎవరూ అనలేదు.

మేనేజర్ మాత్రం మా అమ్మకు సగమే చెప్పాడు. పైలట్ దారి తప్పింది, విమానం ఆపుకుని కూర్చుంది అని. ముందు నుంచి ఏం పోయిందో చెప్పలేదు. నేను చెప్పాను. చాలాసార్లు చెప్పాను. అమ్మ చెవికి ఎక్కలేదు.

పదో రోజు ఎస్తేరక్క మా ఇంటికి వచ్చింది. చుట్టాలందరి ముందు అమ్మ అడిగింది. "నా మొగడు కాలిన పెయ్యితోని మొత్తుకుంటుంటె ఆపుకొని కూసున్నవట. మనసెట్ల ఒప్పింది నీకు?"

అక్క తల వంచుకోలేదు. "తప్పు మలుపు తిరిగింది నేనేనమ్మా. అది నా తప్పే. ఆపుడు మాత్రం తప్పు గాదు."

అమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది. వచ్చిన మనిషికి మంచినీళ్లు కూడా ఇవ్వనివ్వలేదు.

కంపెనీ ఆమెను తీసేసింది. తర్వాత ఇంకెవరూ పెద్ద ఉద్యోగం ఇవ్వలేదు. ఎక్కడో ఫ్లయింగ్ స్కూల్లో పిల్లలకు నేర్పుతూ ఉండిపోయింది. మేమిద్దరం ఫోన్లలో దగ్గరయ్యాం. ఒకసారి అంది, "పైన దారి తప్పలే చెల్లే. కిందికి దిగినంక తప్పిన. గదే నవ్వొస్తది." నవ్వు మాత్రం రాలేదు ఆమెకు.

మొన్న ఆదివారం అడిగింది. "మీ అమ్మకు నా మీద కోపం పోయిందా?"

నేను ఆమె దుప్పటి సర్దాను. ఆమెకే అర్థమైంది.

"పోకుంటె పోనీ. ఆమె మొగణ్ని పోగొట్టుకున్నది. బిడ్డను గూడ పోగొట్టుకోలే గద. గది చాలు నాకు."

పొద్దున అమ్మకు చెప్పాను. టీవీ ఆపేసింది.

సాయంత్రం బల్లార్‌పూర్‌లో అక్కను మట్టి చేస్తారు. నేను పోతున్నాను.

ఎస్తేరక్కా, ఇన్నేళ్లు నేను బతికానంటే ఆ రాత్రి నువ్వు నా మాట విననందుకే.

పోయిరా అక్కా. నువ్వు నమ్ముకున్న ప్రభువు నీకు ఇక్కడ దొరకని నెమ్మది ఇవ్వాలి.