మగ్గం గుంటలోకి వదిలిన వాసన

ఏడేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. మింగుదామంటే దిగదు, చెబుదామంటే నోరు రాదు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు గనుక మా వీధి పంతులమ్మ చేత రాయిస్తున్నాను. నా తప్పును ఎక్కడా మెత్తబరచవద్దని ముందే చెప్పాను. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియనివాళ్ళు గనుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

యుద్ధం రోజులు. మా ఆయనకు బందరు కాలువ మీద చిన్న మోటారు పడవ ఉండేది. బట్టల మూటలు బెజవాడ చేర్చేవారు. ఇంజను పెట్రోలుతో అందుకుని కిరసనాయిలుతో నడిచేది. వేసవిలో కాలువ కట్టేస్తే నీళ్ళుండవు. అప్పుడు పడవను దుంగల మీద దొర్లించి ఇంటి పక్క షెడ్డులోకి చేర్చేవాళ్ళం. షెడ్డు గోడకు అవతల రత్తమ్మ వదిన వాళ్ళ ఇల్లు. వాళ్ళు నేతపనివాళ్ళు. గోడను ఆనుకునే వాళ్ళ మగ్గం. నేసే మనిషి కాళ్ళు గుంటలోకి వదిలి కూర్చుంటాడు.

షెడ్డులో చమురు వాసన సంగతి చూడటం నా పని. మా ఆయనే నేర్పారు. ముందు ట్యాంకు ఖాళీ చేయాలి. పడవ అడుగున జిడ్డు మీద ఊక చల్లాలి. ఊక పీల్చుకున్నాక ఎత్తి ఊరవతల పారబోసి, కుంకుడు రసంతో కడగాలి. లోపలికి దీపం తేకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వీధి వైపు గోడ మొదట్లో ఉన్న తూమును మూయకూడదు. ఈ వాసన పొగలాగా పైకి పోదు, నీళ్ళలాగా కిందికి పాకుతుంది, దానికి కిందనే దారి ఉంచాలి అనేవారు.

ఏడేళ్ళ కిందటి ఆ వేసవిలో ట్యాంకు ఖాళీ చేయలేదు. చమురు రేషను కార్డు మీద తప్ప దొరకదు. మళ్ళీ కాలువ వదిలిన రోజున పడవ కదలాలి కదా అని ఆయన ట్యాంకు నిండుగా ఉంచి, మరో రెండు డబ్బాలు పడవ అడుగున దాచారు. అందులో ఒకటి కారుతోందని నాలుగో రోజున తెలిసింది. వాసన తూములోంచి వీధిలోకి కొడుతోంది. ఎవరైనా పసిగడితే మా ఆయన జైలుకు పోతారు. గోనెగుడ్డ తడిపి తూములో కుక్కాను.

అంతవరకైతే భయం అనుకోవచ్చు. రత్తమ్మ వదిన వాళ్ళ గోడ మొదట్లో మగ్గం గుంటలోకి పందికొక్కు తవ్విన కన్నం ఉంది. ఏటా పడవ రాగానే దాన్ని బంకమట్టితో పూడ్చేదాన్ని. ఆ ఏడు పూడ్చలేదు. మరిచిపోయి కాదు. మట్టిముద్ద చేత్తో పట్టుకుని ఆ కన్నం ముందు చాలాసేపు కూర్చున్నాను. వాసన ఎటో ఒకవైపు పోవాలి, వీధిలోకి పోయేకంటే అటు పోవడం నయం అనుకున్నాను. లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాను.

గంజి పెట్టిన నూలు ఏ వాసననైనా పట్టేసుకుంటుందని నాకు తెలియదా? మా ఇంట్లో ఎండుచేపలు వేగితేనే రత్తమ్మ వదిన తలుపులు మూసుకునేది.

రెండు వారాలు గడిచాయి. రత్తమ్మ వదిన ఒక పంచె పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. వెనకాలే ఆమె కోడలు కోటమ్మ. కూచిపూడి దగ్గర పల్లెటూరి పిల్ల, కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. ఆ పిల్ల కండెకు చుట్టిన నూలు నేతలో తెగదని మామగారు నలుగురిలో మురిసిపోయేవారు.

"ఇదిగో వదినా, వాసన చూడు. షావుకారు మూట మూటంతా తిప్పి పంపాడు. ఈ పంచె కట్టుకుని చుట్ట కాల్చుకుంటే మనిషికి మనిషే దివిటీ అవుతాడంట. మీ పడవది కాదు గదా?"

"మా పడవలో చుక్క లేదు వదినా. కాలువ కట్టిన రోజే వంచేశారు," అన్నాను. ఊరుకోలేదు. "మీ కోడలు దీపం పక్కన పెట్టుకుని కండెలు చుడుతుందిగా. ఒంపి ఉంటుంది."

"నేను ఒంపలేదత్తా. మగ్గం గుంటలోంచి వస్తోంది," అంది కోటమ్మ.

"గుంటలో మీ నాన్నేమన్నా కిరసనాయిలు బావి తవ్వించాడటే?" అంది రత్తమ్మ వదిన.

నేను నవ్వాను. నా నవ్వు చూసి రత్తమ్మ వదిన కూడా నవ్వింది. కోటమ్మ మాత్రం నా వంక చూసింది.

ఆ సాయంత్రం మా ఆయన డబ్బాలు పొలంలోకి మార్చారు. నేను ఊక ఎత్తి పారబోసి, తూము తెరిచి, కన్నం పూడ్చాను. మూడో నాడు కోటమ్మను పుట్టింటికి పంపేశారు. ఆ తర్వాత నేసిన గుడ్డకు వాసన లేదు. పిల్ల వెళ్ళింది, వాసనా వెళ్ళింది, ఇంకేం రుజువు కావాలి అనుకున్నారు వాళ్ళు. నా తప్పును కడుక్కోవడానికి నేను చేసిన పనే ఆ పిల్ల మీద సాక్ష్యమైంది.

పది నెలలకు పెద్దలు మాట్లాడి తీసుకొచ్చారు. నూలు మాత్రం ముట్టనివ్వలేదు. ఇప్పటికీ ముట్టనివ్వరు. వంట, దంపుడు, గొడ్ల చాకిరీ. కండెలు ఇప్పుడు తోటికోడలు చుడుతుంది. ఆ నూలు తెగినప్పుడల్లా మగ్గం ఆగుతుంది. గోడకు ఇటు నుంచి నేను వింటాను.

భయపడి చెప్పానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. భయం మొదటి మాటకు సరిపోతుంది. రెండో మాటకు సరిపోదు. మాకు తెలియదని ఊరుకోవచ్చుగా? కోడలి పేరు ఎందుకు ఎత్తాను? గుంట దగ్గర తిరిగేది ఆ పిల్ల. ఎప్పటికైనా వాసన వెంట మా కన్నం దాకా వచ్చేది ఆ పిల్లే. తను చెప్పేది ఎవరూ నమ్మకుండా ముందే చేశాను. అప్పుడు అంత ఆలోచించానా అంటే, ఆలోచించలేదు. ఆలోచించకుండానే అంత దుర్మార్గం నోట్లోకి వచ్చిందంటే అది ఇంకా చెడ్డ సంగతి కాదూ?

మా ఆయన పోయి రెండేళ్ళయింది. పడవ అమ్మేశాను. ఇప్పుడు జైలుకు పోయేవాళ్ళు లేరు. మరి ఈ రెండేళ్ళూ ఎవరిని కాపాడాను? కోటమ్మ బావి దగ్గర ఎదురైతే బిందె ఎత్తి నా నడుముకు పెడుతుంది. ఏమీ అడగదు. తెలిసి అడగదో, తెలియక అడగదో.

పేరు మార్చి రాయనా అని పంతులమ్మ అడిగింది. కోటమ్మ పేరు మార్చవద్దన్నాను. మాట పడింది ఆ పేరే. మరి మీ పేరు, అంది. అది మాత్రం వద్దన్నాను. వద్దన్నాననీ రాసుకోమన్నాను.

చివర ఏం రాయాలి అంటే ఒక్క మాట చెప్పాను. ఆమెకు వినపడలేదు. మళ్ళీ చెప్పాను, ఈసారి గోడ అవతలికి పోయినా పోనీ అన్నంత గట్టిగా.

కోటమ్మ దీపం ఒంపలేదు. ఆ చమురు మాది.