అనుమానం బాబాయి, నూట పాతిక గ్లౌజులు

అనుమానం బాబాయిని మీరు కలిసి తీరాలండీ! పైదేశాల నుంచి రేవులో దిగే ఆసుపత్రి సామాన్లు తనిఖీ చేసే ఆఫీసరాయన. ఏ కాగితం పెట్టినా కింద 'అనుమానంగా ఉంది' అని రాయందే ఆయన పెన్నుకి మూత పడదు.

ఇంట్లోనూ అంతే. పిన్ని కాఫీ ఇస్తే, "పంచదార వేశావా, వేశానంటున్నావా?" అంటాడు.

"తాగి చూడండి, అదే పరీక్ష!" అంటుందావిడ.

అనుమానం ఆయనది, చాకిరీ రికార్డుల గుమాస్తాది. పాపం, తొమ్మిదేళ్ళుగా ఆ అమ్మాయికి ఇదే వరస. ఆ రోజు ఆపరేషన్ గ్లౌజులొచ్చాయి. ఒక్కోదాంట్లో లీటరు నీళ్ళు పోసి, దండేనికి వేలాడదీసి, రెండు నిమిషాలు కారుతుందేమో చూడాలి. అలా పెట్టెల్లోంచి నమూనాకి తీసినవి నూట పాతిక!

"బాబాయ్ గారూ, నలభై అయ్యాయి. చేతులు పడిపోతున్నాయండీ."

"నలభయ్యేనా? ముప్పై తొమ్మిదని నాకు అనుమానం."

గుమ్మంలో పొద్దుటి నుంచీ ఆసుపత్రి పెద్ద నర్సు. "గ్లౌజుల్లేక పదకొండు ఆపరేషన్లు ఆపుకున్నాం! మీరు పరీక్ష చేస్తున్నారా, తోటకి నీళ్ళు పెడుతున్నారా?"

"కూర్చోండమ్మా, ఇంకా ఎనభై అయిదే."

నీరసంగా వివరాలు ఎక్కిస్తున్న గుమాస్తా చెయ్యి టక్కున ఆగింది. సరుకుతో వచ్చిన సర్టిఫికెట్టు పాత ప్రమాణానిది. కొత్తది పోయిన నెలే అమల్లోకి వచ్చింది. నిబంధనల పుస్తకం తీసింది. 'పాత సర్టిఫికెట్టుతో వస్తే వెంటనే వెనక్కి ఓడెక్కించాలి.' కింద చిన్న అక్షరాల్లో: 'అధికారి అనుమానం నమోదు చేస్తే, ఇక్కడే పరీక్షించి, నెగ్గితే వదలవచ్చు.'

పాత ఫైళ్ళు తిరగేసింది. కాగితం సరిగ్గా ఉన్నచోట బాబాయి అనుమానం పది గ్లౌజులతో తీరిపోయింది. తేడా ఉన్నచోటే నూట పాతిక.

"బాబాయ్ గారూ! మరి అన్నిటి మీదా ఎందుకు రాస్తారండీ?"

"ష్! ఏది కావాలని రాశానో ఎవరికీ అనుమానం రాకుండా. పైవాళ్ళకి తెలిస్తే పుస్తకంలో ఆ చిన్నక్షరాల లైను కొట్టేస్తారు."

"కారితేనో?"

"నేనే ఓడెక్కిస్తా. చిల్లుల మీద నాకు జాలి లేదు."

"మరి ఇంట్లో కాఫీ మీద?"

"ప్రాక్టీసు తప్పకూడదు కదా!"

నూట పాతికలో ఒక్కటీ కారలేదు. పెట్టెలు వ్యానెక్కాయి. నర్సు వెళ్తూ వెళ్తూ, "ఈయన లేకపోతే పొద్దున్నే పట్టుకెళ్ళేదాన్ని! ఈ మనిషితో ఎలా వేగుతున్నావమ్మా?" అంది.

గుమాస్తాకి అసలు సంగతి నోటిదాకా వచ్చింది. ఫైలు చాటు నుంచి బాబాయి వద్దని తల ఊపాడు.

"ఏం చెయ్యనండీ, వట్టి చాదస్తం!" అందా అమ్మాయి.

నర్సు వెళ్ళగానే బాబాయి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "నిజంగా అన్నావా, అన్నట్టు నటించావా?"

మీరైతే ఆ నర్సుకి ఏం చెప్పేవారు?