మా గల్లీలో పడని వాన

ఆ రోజుల్లో వాన ఎవరికీ చెప్పి వచ్చేది కాదు, అయినా పాతబస్తీలో మాకు ముందే తెలిసేది. మొఘల్‌పురాలో మేము పనిచేసే అప్పడాల ఇంటి డాబా మీద వేలికి పిండి అంటుకుంటోందంటే గాలిలో తడి ఉన్నట్టు. మాతో పాటు అప్పడాలు ఒత్తే, మేమంతా పిన్నీ అన్నట్టు ఖాలా అని పిలిచే ఆమెకు మోకాలు పట్టేసిందంటే మబ్బు చాంద్రాయణగుట్ట దాటినట్టు. ఇప్పుడు అలా కాదు. వాన పడే నాలుగు రోజుల ముందు నుంచే టీవీలో ఉరుములు మొదలవుతాయి. ఎర్ర అక్షరాలు, గుండెలదిరే సంగీతం, కోటు వేసుకున్న మనిషి చేతులు విసురుతూ అరవడం. చివరకు గల్లీలో నాలుగు చినుకులు పడతాయి, అవీ ఆరేసిన బట్టలకు చాలవు. వినీ వినీ నాకు అలసట వచ్చేసింది. వానాకాలం వస్తే చాలు, రిమోట్ తీసి గొంతు నొక్కేస్తాను (టీవీ గొంతేలెండి). "గంత కోపమెందుకమ్మా దాని మీద?" అంటుంది మా అమ్మాయి. కోపం కాదు. ఆ టీవీకీ నాకూ పాత పరిచయం ఉంది. ఒకప్పుడు అది నా కొంప ముంచింది, మళ్ళీ అదే ఒడ్డుకు చేర్చింది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తే తిట్టేవాళ్లు కూడా లేరు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. అప్పడాల ఇంట్లో చేరి రెండు నెలలైంది. యజమానురాలిని అందరం పెద్దమ్మ అనేవాళ్లం. మంచి మనిషే గానీ కళ్లద్దాల పైనుంచి చూసిందంటే ఒత్తిన అప్పడాన్నే మళ్ళీ ఒత్తేవాళ్లం. ఆ ఎండాకాలం ఒక పెళ్లివారు రెండు గంపల బియ్యప్పిండి అప్పడాలు అడిగారు. శుక్రవారానికి అందాలి. వాటికి రెండు రోజుల గట్టి ఎండ కావాలి. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ కొత్త టీవీ కొని ముందు గదిలో పెట్టింది, సరిగ్గా అప్పుడే ఎక్కడో అల్పపీడనం పుట్టింది. అందరిలోకి చిన్నదాన్ని, మెట్లెక్కగల మోకాళ్లున్నదాన్ని కనుక ఒక చేత్తో అప్పడాలు ఒత్తుతూ, టీవీ చూస్తూ, వాన అనగానే డాబా మీదికి పరుగెత్తి అప్పడాలు ఎత్తించే పని నాకు పడింది. "గివి మంచిగ పోతే నిన్ను ఉంచుకుంట బిడ్డా. ఖరాబైనయనుకో, సోమారం నుంచి రాకు," అంది పెద్దమ్మ. మా ఆయనకు అప్పుడు పని లేదు. ఆ సోమవారం మాకు చాలా పెద్దది.

పెద్దమ్మకు నేను చెప్పని సంగతి ఒకటుంది. నాకు అక్షరం ముక్క రాదు. టీవీ కింద పరుగెత్తే రాతలన్నీ నాకు చీమల బారులే. వాళ్ల అరుపుల్లో ఏ ఊరి వానో తెలిసేది కాదు. అందుకని రంగును నమ్ముకున్నాను. ఎర్రగా ఉంటే ప్రమాదం అన్నమాట. ఆ టీవీకి ఎరుపు తప్ప ఇంకో రంగు రాదని నాకప్పుడు తెలియదు.

బుధవారం పొద్దున్నే తెర ఎర్రబడింది. చేతిలో పిండి ముద్ద అలాగే ఉండగా మెట్లెక్కి అరిచాను.

"ఖాలా, వానొస్తుందట! ఎత్తున్రి, జల్ది ఎత్తున్రి!"

ఖాలా నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసింది. డాబా మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండ. "ఏడుంది బేటీ వాన? టీవీ నక్కో, ఆస్మాన్ దేఖ్," అంది (టీవీ వద్దు, ఆకాశం చూడమని).

"ఎర్రగ రాసిన్రు ఖాలా!"

"నా నసీబ్ గూడ ఎర్రగనే రాసిన్రు. ఏం జేద్దాం, ఎత్తు."

ఎత్తాం. గంట చూశాం. మబ్బు తునక కూడా లేదు. మళ్ళీ పరిచాం. మళ్ళీ తెర ఎర్రబడింది. సాయంత్రంలోపు ఐదుసార్లు ఎత్తి, ఐదుసార్లు పరిచాం. సగం ఆరిన అప్పడాలను గంపల్లో కుక్కితే ఏమవుతుంది? ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. ఖాలా ఒకటి ఎత్తబోతే రెండు లేచాయి. ఎండకు పట్టి చూపిస్తూ, "ఏమమ్మా, పెండ్లికి పోతున్నమని గివి గూడ జోడీలు గట్టినయా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే సోమవారానికి ఇంకా ఎన్నాళ్లుందో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

గురువారం ఇంకా అన్యాయం. టీవీలో వీధి వీధంతా నీళ్లు. ఫ్రిజ్ ఒకటి తేలుతూ పోతోంది, వెనకాలే గేదె ఒకటి ఈదుతూ పోతోంది. చేతులకు పిండితోనే పరుగెత్తుకొచ్చింది పెద్దమ్మ. "ఏందే గిది? మన పట్నమేనా?" అంది. తెర దగ్గరికి వంగి చూశాను. తెర మూలన సన్నగా ఏవో అక్షరాలున్నాయి. పెద్దమ్మ కళ్లద్దాలకు కూడా అందనంత సన్నం. "మనదే పెద్దమ్మా, ఎర్రగుంది," అన్నాను. అప్పడాలు దాచే మా రేకుల గది కురుస్తుంది. అందుకని అన్నీ పక్క గల్లీలో తన చెల్లెలి ఇంటికి, స్లాబు కిందికి చేర్చమంది. నేనో గంప, ఖాలా ఓ గంప నెత్తికెత్తుకుని ఎండలో బయల్దేరాం.

గల్లీ మలుపులో నీళ్ల పైపు పొద్దుటి నుంచి కారుతోంది. అది మామూలే, నల్లా నీళ్లు వచ్చిన ప్రతిరోజూ కారుతుంది. పాదాలు మునిగేటన్ని నీళ్లు. ఆ నీళ్లలో వానకోటు తొడుక్కున్న కుర్ర విలేకరి మోకాళ్ల మీద కూర్చుని, మైకు పట్టుకుని, నడుము లోతు వరదలో ఉన్నానని అరుస్తున్నాడు. చెమటతో తడిసి ముద్దవుతున్నాడు పాపం. కెమెరా అతను ఇంకా కింద, దాదాపు పడుకున్నట్టే ఉన్నాడు. మమ్మల్ని చూడగానే వాళ్ల మొహాలు వెలిగిపోయాయి.

"అక్కా, జర మళ్ళొక్కసారి గిట్ల నడువరాదే. చీర కొంచెం పైకి పట్టుకో. భయపడ్డట్టు చెయ్యి," అన్నాడు విలేకరి.

"ఎండ గొడ్తుంది గద భాయ్, ఎందుకు భయపడాలె?" అన్నాను.

"గది మేం జూస్కుంటం గానీ నువ్వు నడువక్కా."

"నక్కో రే, ఆమెకు పనుంది," అంది ఖాలా. నేను వినలేదు. అక్కా అని అంత మర్యాదగా అడిగాడు, పైగా టీవీ మనిషి. ఒకసారి నడిచాను. "భయం సాల్తలేదు," అన్నాడు. రెండోసారి నడిచాను. "మంచిగుంది, కొంచెం జోర్‌గ," అన్నాడు. మూడోసారి జోర్‌గా నడిచాను. పాకుడు మీద కాలు జారింది. నేను కూర్చున్నాను, గంప లేచింది. పెళ్లివారి అప్పడాలన్నీ పువ్వుల్లా విచ్చుకుని నీళ్ల మీద తేలుతూ మోరీ కాలువ వైపు సాగిపోయాయి. నన్ను పట్టుకోబోయిన ఖాలా గంప కూడా వాటి వెంటే వెళ్లింది.

"సూపరక్కా!" అన్నాడు కెమెరా అతను.

పెద్దమ్మకు మొహం చూపించలేక ఖాలా వాళ్ల గడప మీద కాసేపు కూర్చున్నాం. నేను ఏడుస్తుంటే ఖాలా నీళ్లిచ్చి, "సోమారం దాకా ఏడ్సేదుంది, కొంచెం దాసుకో," అంది. చివరికి వెళ్లేసరికి పెద్దమ్మ టీవీ ముందు నిలబడి ఉంది. తెర మీద నేను. గంప ఎగరడం, నేను కూలబడడం, మళ్ళీ గంప ఎగరడం. వాన పేదల పొట్ట కొట్టిందని గొంతు బొంగురు పోయేలా చెప్తున్నారు. వాకిట్లో ఎండ ఫెళఫెళా కాస్తోంది.

"వాన ఎత్కపోయిందంట గద బిడ్డా," అంది పెద్దమ్మ.

నేను కాదనలేదు. "ఆ, పెద్దమ్మా."

"మస్తు పడ్డట్టుంది."

"మస్తు పడ్డది."

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. నన్ను కింది నుంచి పైకి చూసింది. "నడుం దాక తడిసినవ్," అంది. తర్వాత నా నుదురు చూసి, "బొట్టు మాత్రం చెదరలే," అంది.

నేను నేల చూశాను. ఖాలా గోడ చూసింది. అంతలో ఫోను మోగింది, పెళ్లివారు. పెద్దమ్మ విని పెట్టేసింది. "టీవీల జూసిన్రట. పానాలు దక్కినయి గద, అప్పడాలకేం ఫికర్ జెయ్యకున్రి అంటున్రు," అంది. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది. "సోమారం జల్ది రా. టీవీ ముంగట కాదు, పీట ముంగట కూసో."

పద్దెనిమిదేళ్లు ఆ పీట ముందే కూర్చున్నాను. అసలు వాన ఎప్పుడు పడిందంటే, ఆ తర్వాత పదిరోజులకు, టీవీ ఎవరో సినిమావాళ్ల పెళ్లిలో మునిగి ఉండగా. ఖాలా మోకాలు పట్టేసింది కనుక ఆ రోజు అప్పడాలు దక్కాయి.

కొన్నేళ్లకు నిజంగానే పెద్ద వరద వచ్చింది. ఖాలా అప్పటికి చాంద్రాయణగుట్ట వైపు పల్లపు ఇంట్లో ఉండేది. ఆ రోజు కూడా టీవీలో అదే ఎరుపు, అదే అరుపు. రోజూ అనేదే కదా అని ఆమె కదల్లేదు. నీళ్లు మంచం ఎక్కాక పక్కింటివాళ్లు తలుపు ఊడదీసి, దాని మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. చూడ్డానికి వెళ్లి, "నీ మోకాలు జెప్పలేదా ఖాలా?" అన్నాను. "జెప్పింది బేటీ," అంది. "టీవీ గూడ గదే జెప్పేసరికి మోకాలు మీద భరోసా పోయింది." ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

నలభై దాటాక మా అమ్మాయి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు దుకాణాల బోర్డులు, బస్సుల మీది పేర్లు, మందుల చీటీల మీది తేదీలు కూడబలుక్కుంటాను. పోయిన వానాకాలం టీవీలో మళ్ళీ పాతబస్తీ మునిగింది. బయట మా వాకిట్లో ముగ్గు పొడిగా ఉంది. తెర మీద ఒక ఇరవై రెండేళ్ల బక్కపలచని పిల్ల నెత్తిన గంపతో, చీర పైకి పట్టుకుని, రాని భయం తెచ్చుకుంటూ నీళ్లలో నడుస్తోంది. ఇన్నేళ్లుగా ఏటా నడుస్తూనే ఉందంది మా అమ్మాయి, నేనే గమనించలేదు. మూలన సన్నటి అక్షరాలు కనిపించాయి. కళ్లద్దాలు సర్దుకుని ఒక్కొక్కటే చదివాను. "పాత దృశ్యాలు" అని ఉంది. ఆనాడు గేదె పక్కన ఉన్నదీ ఈ మాటేనేమో.

ఇన్నేళ్లలో ఆ టీవీ నా గురించి రాసిన నిజం అదొక్కటే. నవ్వొచ్చింది. గొంతు నొక్కుదామని రిమోట్ అందుకున్నాను గానీ, ఆ పిల్ల జారి కూలబడేదాకా ఆగాను. నిజమే, బొట్టు చెదరలేదు.