అడగని ముక్క

మా బాపు వకీలు. ఆయన ఉర్దూలో అర్జీ రాస్తే కచేరీ గుమాస్తాలు పని ఆపి మరీ చదువుకునేవారు. పొగడ్తలు విని విని ఆయనకూ కాస్త తలకెక్కింది. నిజాం పాలన పోయిన మరుసటి ఏడు నేను వకీలు పరీక్ష ప్యాసై ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్నాను.

ఆ వానాకాలం నాట్లకు ముందు ఖాజాగూడ నుంచి ఒక వితంతువు వచ్చింది. చెరువు కింద ఆమెకు ఉన్నది ఒక్క మడి. భర్త పోగానే అది తనదంటూ మరిది దావా వేశాడు. దావా తేలడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా మడి ఎవరి చేతిలో ఉంటుందన్నదే ఆమె బెంగ.

"నారు ముదురుతున్నది వకీల్ సాబ్. ఈసారి నాటు పడకుంటే పిల్లలకు బువ్వ లేదు" అంది.

బాపు మనసు కరిగిపోయింది. తీరిగ్గా కూర్చుని రాశాడు. ఆమె అత్తగారి కాలంతో మొదలుపెట్టి కాపురం, భర్త జబ్బు, దవాఖాన, చావు, మరిది మాటలు, ఏదీ వదల్లేదు. చివర 'తమ ఇన్సాఫ్‌కే, తమ న్యాయానికే వదిలేస్తున్నాం' అని ముగించాడు.

"దావా తేలేదాక మడి ఆమె దగ్గర్నే ఉంచుమని అడగాలె గద బాపూ?" అన్నాను.

"గదంత చదివినంక జడ్జి సాబ్‌కు సమజ్ గాదారా? నోరు తెరిచి అడుక్కుంటమా?"

ఆ తరం మర్యాద అలాంటిది. పెద్దల ముందు ఫలానాది కావాలనడం మోటుతనం. మరిది తరఫు అర్జీ అరపేజీ. ఏం జరిగింది, హక్కు ఎలా వచ్చింది, ఇప్పుడేం కావాలి, అంతే. "కిరాణా చిట్టీ తీరుగున్నది" అని బాపు నవ్వాడు.

జడ్జి మా అర్జీ చదువుతూ కళ్లు తుడుచుకున్నాడు. రాతను మెచ్చుకున్నాడు కూడా. ఆ తర్వాత, దావా తేలేదాకా మడి మరిది చేతిలో ఉండాలని ఉత్తర్వు ఇచ్చాడు. అడిగింది అతనొక్కడే మరి. "మీరు ఏ ఉత్తర్వూ కోరలేదు" అన్నాడు బాపుతో, బాధగానే. మళ్లీ అర్జీ పెట్టినా అది విచారణకు వచ్చేలోపు నాట్ల అదను దాటిపోతుంది.

ఆ తర్వాత నేను రాసిన ప్రతి అర్జీలో కోరిక మొదటి వాక్యంలోనే ఉండేది. ఇదే మాట పదే పదే చెప్పి జూనియర్లను విసిగించాను. వాళ్ల కక్షిదారులు బాగుపడ్డారు. ఆ వితంతువుకు మాత్రం ఒరిగిందేమీ లేదు, ఆ దిగులు నాకు ఇప్పటికీ పోలేదు.

ఉత్తర్వు వచ్చిన ఆ రోజు, కచేరీ వరండాలో కిటికీలోంచి లోపలికి చూస్తున్న ఆమె మేం బయటికి రాగానే ఎదురొచ్చింది.

"జడ్జి సాబ్ కండ్లు తుడ్సుకున్నడు. గెల్సినం గద? రేపు నాటేస్కోవచ్చా?"

బాపు జరిగింది చెప్పాడు. ఆమెకు కోపం రాలేదు. అర్థం కానట్టు ఆయన ముఖంలోకి చూసింది.

"గన్ని ముచ్చట్లు రాసిన్రు గద వకీల్ సాబ్. నా మడి నాకుంచుమని అడగనే లేదా?"