పేర్లు చెరిపేసి అమ్మిన సాఫ్ట్‌వేర్

నలుగురికీ ఉచితంగా పంచిన పని మీద పేర్లు చెరిపేసి, దానికే తాళం వేసి అమ్ముకోవడం మా చుట్టుపక్కల మామూలైపోయింది. అలా చెరిగిపోయిన పేర్లలో కొన్నయినా అచ్చులో ఉండాలని ఇది రాస్తున్నాను.

పోయిన ఏడాది వేసవి. తెనాలిలో నాది కంప్యూటర్ సర్వీసు దుకాణం. నేను కాలేజీ మెట్లెక్కలేదు. నాకొచ్చిన విద్యంతా గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని చదివిందే. అది చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఓపెన్ సోర్స్ గురించి తెలిసిందీ అక్కడే. ప్రోగ్రామ్ రాసినవాళ్లు దాని లోపలి రాతను కూడా అందరికీ ఇచ్చేస్తారు. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రక్తపరీక్షల ల్యాబులకు పనికొచ్చే అలాంటి ప్రోగ్రామ్‌ను నేనూ, రిటైరైన కామేశ్వరరావు మాస్టారూ కలిసి తెలుగులోకి తెచ్చాం. దాని లైసెన్స్, అంటే షరతుల పత్రం, రెండు సంగతులు గట్టిగా చెబుతుంది. రాసినవాళ్ల పేర్లు తీయకూడదు. కొన్నవాళ్లకు లోపలి రాత ఇవ్వాలి.

ఒకరోజు రేపల్లెలో ల్యాబు నడిపే ఝాన్సీ ఫోన్ చేసింది.

“అన్నయ్యా, ల్యాబు సాఫ్ట్‌వేర్ అమ్మిన బాపట్ల కంపెనీ వాళ్లు ఏడాది ఫీజు పెంచారు, కట్టనన్నాను. పాత రిపోర్టులన్నీ మూసేశారు. ఇక్కడ పెద్దావిడ ఒకావిడ ఏడుస్తోంది.”

ప్యాసింజర్ రైలెక్కి వెళ్లాను. బెంచీ మీద కొల్లూరు లంక నుంచి వచ్చిన కోటేశ్వరమ్మ గారు కూర్చుని ఉన్నారు. పాత కిడ్నీ రిపోర్టులు చూడందే గుండె ఆపరేషన్‌కు తేదీ ఇవ్వనన్నాడట డాక్టరు. ఆవిడ దగ్గరున్న కాగితాలు అంతకుముందు వచ్చిన వరదలో నానిపోయాయి.

స్క్రీన్ మీద బాపట్ల కంపెనీ పేరు కొట్టొచ్చినట్టు ఉంది. తాళం పడ్డ ఆ స్క్రీన్‌లో ‘సహాయం’ అన్న బొత్తం ఒక్కటే పనిచేస్తోంది. నొక్కాను.

‘నందివెలుగు పెద్దమ్మ పరగడుపున రమ్మంటే కాఫీ తాగి వచ్చిందనుకోండి. అప్పుడు తిన్న తరువాత అన్న గడి నొక్కాలి.’

నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. ఆ వాక్యం మా మాస్టారు రాసింది. నందివెలుగులో ఉండే ఆ పెద్దమ్మ మా అమ్మకు స్వయానా అక్క. “కాఫీ తాగితే తిన్నట్టెలా అవుతుందిరా?” అని ఇప్పటికీ వాదిస్తుంది. మా ఇద్దరి పేర్లూ, అసలు ప్రోగ్రామ్ రాసినవాళ్ల పేర్లూ ఎక్కడా లేవు.

బాపట్ల కంపెనీ యజమానికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టి, ఈ ప్రోగ్రామ్ ఎవరు రాశారని అడిగాను.

“మా సొంత ప్రోగ్రామ్ అండి. మా టీమ్ అంతా కష్టపడి చేసింది.”

“మరి నందివెలుగు పెద్దమ్మ మీకేమవుతుందండి?”

“అదా... డెమో పేషెంటండి. ఊరికే పెట్టాం.”

“ఊరికే కాదండి. ఆవిడ మా సొంత పెద్దమ్మ.”

“ఫ్రీగా దొరికేదానికి ఇంత గొడవేంటి సార్? ఇప్పుడు ఎవరికేం పోయింది?” అన్నాడు.

“నా రిపోర్టు పోయింది నాయనా!” అన్నారు బెంచీ మీంచి కోటేశ్వరమ్మ గారు. అతను ఫోన్ పెట్టేశాడు.

రోగుల వివరాలన్నీ ఝాన్సీ కంప్యూటర్లోనే ఉన్నాయి. తాళం అతను తగిలించిన పైస్క్రీన్‌కే. ముందు బ్యాకప్, అంటే అన్నిటికీ ఒక నకలు, తీసుకున్నాను. అసలు ప్రోగ్రామ్ ఇంటర్నెట్ నుంచి దించి ఆ వివరాలకు కలిపాను. పాత రిపోర్టులు వరసగా తెరుచుకున్నాయి. ప్రింటు చేతికి రాగానే కోటేశ్వరమ్మ గారు, “ఈపాటి దానికి అతనికి ఫోన్ ఎందుకు చేశారయ్యా?” అన్నారు. ఆపరేషన్ అయింది. ఆవిడ కులాసాగా ఉన్నారు.

ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ముందు ఒక్కటే అడగండి: “రేపు నేను మానేస్తే నా వివరాలు నాకెలా వస్తాయి?” ఈ పని నాకు నేర్పింది అదే. బాపట్ల ఆయన ఇంకా అమ్ముతూనే ఉన్నాడు. పెద్దమ్మను తీసేసి వేరే పేరు పెట్టాడట. కాఫీ మాత్రం అలాగే ఉందట!

నాతో కూర్చుని మాటకు మాట వెతికిన కామేశ్వరరావు మాస్టారికి, నిఘంటువు ఇంటికిచ్చిన లైబ్రేరియన్ రమాదేవి గారికి, ఫీజు కట్టనని నిలబడ్డ ఝాన్సీకి, ఒక్క మాటతో ఫోన్ పెట్టించిన కోటేశ్వరమ్మ గారికి కృతజ్ఞతలు. మా పెద్దమ్మ పేరు సీతారావమ్మ. ఆవిడకు కూడా. ఈసారి ఆ పేరు తీసేయాలంటే ఈ కాగితం చింపాలి.