నల్లరాయికి పడాల్సిన నింద

పక్కింట్లో మూడు రోజులుగా వంటగట్టు కోసం నల్లరాయి కోస్తున్నారు. మిషను తిరుగుతున్నంతసేపూ రాయి మీద నీళ్లు పోస్తూనే ఉన్నా ఆ వాసన గోడ దాటి వస్తోంది: తడిసిన దుమ్ము, కాలిన ఇనుము, వాటి అడుగున ఎక్కడో టపాకాయ మందు ఘాటు. మదనపల్లెలో ఈ వీధిలో ఇంకెవరికీ అది పట్టినట్టు లేదు. నేను మాత్రం కిటికీలన్నీ మూసేశాను. తొమ్మిదేళ్ల వయసులో మూడు నెలల పాటు ఈ వాసనలోనే తిన్నాను, ఈ వాసనలోనే పడుకున్నాను. ఆ మూడు నెలల్లో నా మీద వేసిన నిందను ఇంతవరకూ ఎవరూ వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాల్సిన వాళ్లలో సగం మంది పోయారు కూడా. నేను మరిచిపోలేదు.

మా ఊరు పుంగనూరు రోడ్డు దిగి రెండు మైళ్లు నడిస్తే వస్తుంది. చుట్టూ ఉన్న గుట్టలన్నీ బూడిదరంగు గుండ్లే, కానీ మా చేను నడుమ మాత్రం ఉత్తరం నుంచి దక్షిణానికి గీత గీసినట్టు నల్లరాళ్ల వరస ఒకటి సాగి ఉండేది; దాన్ని నల్లగట్టు అనేవాళ్లం. ఎండావానలకు ఆ రాళ్లు ఉల్లిగడ్డ పొరల్లా ఊడి తుప్పు రంగు పొట్టు రాల్చేవి, పగలగొడితే లోపల మాత్రం నీలం కలిసిన నలుపు, వేలితో తడిమినా పలుకు తెలియనంత సన్నం. పిడికెడు రాయి చేతిలో పెట్టుకుంటే సేరు గుండు పట్టుకున్నట్టుండేది. ఇనుముతో తడితే గుడి గంటలా ఖంగుమనేది. మా అవ్వ రోలు ఆ రాయే, ఊరుబిండి నూరే పొత్రం ఆ రాయే, మేము అచ్చనగాయలు ఆడే అయిదు గుండ్లూ ఆ రాయే. చలికాలం పొద్దున్నే అనపకాయల చేలో మంచుకు కాళ్లు కొంకర్లు పోతే గట్టు మీదికెక్కి కూర్చునేవాళ్లం, ఎండ పడగానే అన్నిటికన్నా ముందు వెచ్చబడేది అదే.

ఆ ఏడు మా పాత బావి ఎండిపోయింది. వరసగా రెండేళ్లు వానల్లేవు. కొత్త బావిలో నీళ్లు పడకపోతే చేను వదిలి కూలికి పోవాల్సిందేనని నాయన అమ్మతో అనడం నేను విన్నాను. నిమ్మనపల్లె నుంచి నీళ్లు చూసే మునెప్పను పిలిపించారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడిచాడు. నల్లగట్టుకు పడమట, మెరక వైపున, కాయ లేచి నిలబడింది. కానీ మా పెద్దనాయన ఒప్పుకోలేదు.

"బావి ఈశాన్యంలో ఉండాల గానీ పడమట తవ్వుతారా యాడన్నా? ఇల్లు నిలబడతాదా?" అన్నాడు. నాయన అన్న మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. ఈశాన్యం మూల గట్టుకు తూర్పున, పల్లం వైపున పడింది. అక్కడే కొయ్య పాతారు.

సరిగ్గా ఆ వారమే, పుంగనూరు నుంచి సైకిలు మీద వచ్చే మా సైన్సు సారు నా అచ్చనగాయను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది అగ్నిశిల. బసాల్టుకు తోబుట్టువు" అన్నాడు. భూమి అడుగున రాయి బెల్లంపాకంలా కరిగి ఉంటుందని, అది పైకి పొంగి గాలి తగిలి గబుక్కున చల్లారితే కంటికి పలుకు కనబడని బసాల్టు అవుతుందని, అదే పాకం నేల పగుళ్లలో నిలిచి నిదానంగా చల్లారితే కలకండ కట్టినట్టు కాస్త పెద్ద పలుకులు కడుతుందని, మన గట్టు అలా పుట్టిందని చెప్పాడు. రెండింట్లోనూ సరుకు ఒకటే: ఇనుము, మెగ్నీషియం ఎక్కువ, ఇసుకలో ఉండే సిలికా తక్కువ, అందుకే ఆ నలుపు, ఆ బరువు, ఆ తుప్పు. రాయి తెచ్చినందుకు క్లాసులో అందరి ముందూ నాకు శభాష్ అన్నాడు. నా బాల్యంలో నాకు దొరికిన శభాష్‌లు లెక్కపెట్టడానికి ఒక చేతివేళ్లు ఎక్కువ.

బావి మొదలుపెట్టే రోజు మా వైపు ఒక ఆచారం ఉండేది. చిన్న ఆడపిల్లను చంకలో నీళ్ల బిందెతో కొయ్య దగ్గర నిలబెట్టి ఇంటి పెద్ద మూడుసార్లు "కింద ఏముండాదమ్మా?" అని అడగాలి. మూడుసార్లూ ఆ పిల్ల "గంగమ్మ ఉండాది" అనాలి. అవ్వ నాకు మూడు రోజులు నేర్పింది. పసుపు పూసిన కొయ్య, టెంకాయ, పెసరపప్పు, ఊరి జనం, నా కొత్త పరికిణీ, చంకలో బిందె, రెండో చేతి పిడికిట్లో దాచుకున్న శభాష్ రాయి. రెండుసార్లు సరిగ్గానే చెప్పాను. మూడోసారి పెద్దనాయన అడిగేసరికి పిడికిట్లో రాయి బరువెక్కినట్టనిపించింది.

"కింద నిప్పుండాది పెద్దనాయనా. రాయి కరిగుండాది. మా సారు సెప్పినాడు."

అవ్వ నా నోటి మీద చరిచింది. బిందెలో నీళ్లు పరికిణీ మీద ఒలికాయి. బావి తవ్వడానికి వచ్చిన ఎల్లప్ప ఒక్కడే నవ్వాడు. "నిప్పుంటే మంచిదే గదప్పా, బీడీ ముట్టించుకుంటాం."

"నవ్వుతాండావా? సూసినారు గదా, ఇంటి బిడ్డ నోట్లోనించి ఏమొచ్చిందో," అన్నాడు పెద్దనాయన.

ఆ రోజు నుంచి నన్ను బావి దగ్గరికి రానివ్వలేదు. నీళ్లు పడ్డాయా అని అడిగే ధైర్యం నాకు లేదు కాబట్టి పొద్దుగూకే వేళ గుమ్మంలో కూర్చుని నాయన కాళ్లు చూసేదాన్ని. ఎర్రదుమ్ము ఉంటే తినకుండానే లేచేదాన్ని. ఒకరోజు మడమల మీద బురద కనబడింది. ఆ పూట రాగిసంగటి రెండు ముద్దలు తిన్నాను. వారం తిరక్కముందే బురద పోయి, కాళ్లకు నల్లటి పొడి అంటింది. గట్టు నేలలోపల వాలి బావికి అడ్డం వచ్చింది. సమ్మెట దెబ్బకు ఆ రాయి పగల్లేదు సరికదా రవ్వలు చిమ్మిందట. "అదో, ఆ బిడ్డ సెప్పిన నిప్పు" అన్నారట పైన నిలబడి చూసినవాళ్లు. మందు పెట్టి పేల్చారు. ఢామ్మన్న ప్రతిసారీ ఇంట్లో రోలు అదిరేది, నేను చెవులు మూసుకుని గంగమ్మ ఉండాది, గంగమ్మ ఉండాది అని లోపల్లోపల అనుకునేదాన్ని. ఆలస్యంగా చెప్పినా లెక్కలోకి వస్తుందేమోనని ఆశ. జాతరలో అంబలి కుండ నన్ను మొయ్యనివ్వలేదు. పెద్దమ్మ నాకు నిప్పునోటిది అని పేరు పెట్టింది. బడిలో ఆ పేరు ఎనిమిదో తరగతి దాకా ఉంది.

నీళ్లు పడలేదు. నాయన కుప్పం దగ్గర నల్లరాతి క్వారీలో పనికి పోయాడు. సొంత చేను ఉన్న మనిషి ఇంకొకరి కింద రాళ్లు కొట్టడానికి పోయింది నా మాట వల్లేనని ఊరు నమ్మింది, నేనూ నమ్మాను. నెలకోసారి వచ్చేవాడు, చొక్కా నిండా ఇదే వాసన. పేలుడులో ఎవరికో చెయ్యి పోయిందని విన్న రోజున నాయన బస్సు దిగి రెండు చేతులూ కనబడే దాకా రోడ్డు మీదే నిలబడ్డాను.

ఏడాది తర్వాత ఒక ఆదివారం ఆయన, పెద్దనాయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. నాయన నిదానంగా చెప్పాడు. "ఆడ క్వారీలో సూసినానన్నా. నల్లరాయి గోడ మాదిరి నిలబడుండాది. మెరక పక్క ఊట కారతానే ఉంటాది, పల్లం పక్క పొడి. రాయి నీళ్లను పోనీకుండా పట్టుకోనుండాది. మునెప్ప సూపిచ్చిన తావే సరి."

"అయిపోయినదానికి ఇప్పుడేంది," అన్నాడు పెద్దనాయన.

నేను స్తంభం చాటు నుంచి బయటికొచ్చాను. "అయితే నా నోటిది తప్పు గాదు గదా?"

ఇద్దరూ నా వైపు చూశారు. పెద్దనాయన తువ్వాలు దులుపుకున్నాడు. నాయన, "పోమ్మా, పోయి సంగటి తిను" అన్నాడు. అంతే.

గట్టుకు పడమట మళ్లీ కొయ్య పాతారు. ఈసారి బిందెతో నిలబెట్టింది పెద్దనాయన కూతురు సుజాతను. నన్ను అమ్మతో ఇంట్లోనే ఉండమన్నారు. సుజాత మూడుసార్లూ గంగమ్మ ఉండాది అని ముద్దుగా చెప్పిందట. ఇరవై అడుగుల్లోనే ఊట చిమ్మింది. ఊరంతా సుజాత నోరు మంచిదని చెప్పుకుంది. నాయన ఇంటికొచ్చాడు, చేను పచ్చబడింది. ఆ సంతోషం నాకూ ఉంది, లేదనను. కానీ నా ప్రశ్న అరుగు మీద అలాగే ఉండిపోయింది. పెద్దనాయన మంచాన పడ్డాక కూడా ఒకసారి అడిగాను. "ఇంకా అదేనామే?" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు నల్లగట్టు లేదు. క్వారీ వాళ్లు దాన్ని దిమ్మెలు దిమ్మెలుగా కోసుకుపోయారు. గట్టు ఉన్న చోట గొయ్యి ఉంది. నీళ్లను పట్టి నిలిపే గోడ పోయాక పడమటి బావీ ఎండింది. బిందె పట్టుకుని నిలబడే పిల్లా లేదు, అడిగే పెద్దా లేడు. బోరు లారీ వస్తుంది, పోతుంది.

నిన్న పక్కింటావిడ అమర్చినంత వరకు వంటగట్టు చూడమని పిలిచింది. చెయ్యి వేస్తే అదే చల్లదనం, అదే సన్నని పలుకు. ఆమె మనవరాలు నా పక్కన చేరింది, ఏడెనిమిదేళ్లుంటాయి. పెరట్లో మర్నాడు బోరు వేస్తున్నారు, అప్పుడే పూజకు పసుపు కలుపుతున్నారు.

"అవ్వా, ఈ రాయి యాడినించి వచ్చింది?"

"నేల కిందినించి."

"కింద ఏముండాది?"

పెరటి వైపు చూశాను. అయినా చెప్పాను. "నిప్పుండాది. ఆ నిప్పే చల్లారి ఈ రాయైంది. ఈ రాయి అడ్డం నిలబడితేనే నీళ్లు నిలుస్తాయి. ఈ మాట అన్నందుకు ఎవురన్నా నిన్ను కొడితే నా పేరు సెప్పు. నేనొచ్చి మాట్లాడతా."

పిల్ల తలూపి పెరట్లోకి పరిగెత్తింది. నేను ఇంటికొచ్చి, ఆ పిల్లను ఎవరన్నా కసురుతారేమోనని దీపాలు పెట్టే దాకా గోడ పక్కనే కూర్చుని విన్నాను.